తక్కువ తిరిగిన బండి మోజు

హైదరాబాద్‌లోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలలో పాత స్పోర్ట్స్ కారు బేరానికి వచ్చిందంటే అమ్మేవాళ్లు మొదట చెప్పే మాట ఒకటే: "పద్దెనిమిది వేలే తిరిగింది సార్, సింగిల్ ఓనర్, సెల్లార్‌లోంచి బయటికి తీసిందే తక్కువ." కొనేవాళ్ల చెవికీ అదే ఇంపు. ఇరవై వేలు తిరిగిన బండినీ డెబ్భై వేలు తిరిగిన బండినీ పక్కపక్కన పెడితే రెండోదాని వైపు కన్నెత్తి చూసేవాళ్లుండరు. ధరలోనూ లక్షల్లో తేడా పలుకుతుంది. ఇంటి అవసరానికి కొనే మారుతికో హ్యుందాయ్‌కో ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. పదిహేనేళ్లు పైబడిన పోర్షే బాక్స్‌టర్‌కో, బీఎండబ్ల్యూ జెడ్4కో, ఆడి టీటీకో మాత్రం సరిపోదు. అలాంటి కారు విషయంలో 'సెల్లార్ దాటలేదు' అన్న మాట వినగానే కొనేవాడికి అనుమానం పుట్టాలి. ఎంత తక్కువ తిరిగింది అన్నది అసలు ప్రశ్న కాదని నా వాదన. ఏటా క్రమంగా తిరిగిందా, తిరిగినట్టూ బాగుచేయించినట్టూ కాగితం మీద ఆధారం ఉందా అన్నదే అడగాలి. రంగు, మెరుపు, సైలెన్సర్ మోత వంటివన్నీ ఆ తర్వాతే.

ఈ చర్చకు ఇప్పుడు సందర్భం ఉంది. పోర్షే మన దేశంలో అధికారికంగా అమ్మకాలు మొదలుపెట్టింది 2004లో. ఆ తర్వాత మూడు నాలుగేళ్లలో ఆడి, బీఎండబ్ల్యూ కూడా రంగంలోకి దిగాయి. నిస్సాన్ 370జెడ్ 2010లో వచ్చింది. హైటెక్ సిటీలో తొలి తరం ఐటీ జీతాలూ కంపెనీ షేర్ల డబ్బూ చేతికొస్తున్న కాలం కూడా అదే. అప్పుడు కొన్న కార్లన్నిటికీ ఇప్పుడు పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతోంది, లేదా తీరిపోయింది. మరోపక్క, ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లను రోడ్డెక్కనివ్వరాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పడంతో అక్కడి పాత కార్లు చవగ్గా దక్షిణాదికి దారిపట్టాయి. 2025లో కోర్టు కొంత సడలింపు ఇచ్చినా ఆ దారి మూతపడలేదు. కొత్తది కోటి రూపాయలున్న కారు పాతిక ముప్పై లక్షలకే దొరుకుతుంటే, నెలవారీ కిస్తీ కట్టగలిగిన ఇంజినీరుకు ఆశ పుట్టడం సహజం. కొనుగోలు ధర తగ్గిందే తప్ప రిపేరు ధర తగ్గలేదన్న సంగతి మొదటి బిల్లు చేతికొచ్చాక గాని తెలియదు. ఈ వయసు బండికి బీమా కంపెనీలు సాధారణంగా జీరో డెప్ పాలసీ ఇవ్వవు కనుక ఆ బిల్లులో సింహభాగం ఓనరే భరించాలి.

నిలబడిన బండికి ఏమవుతుందో ఒక్కొక్కటే చూద్దాం. కారులో చాలా భాగాలు కిలోమీటర్లతో కాకుండా సంవత్సరాలతో పాడవుతాయి. రబ్బరు గట్టిపడుతుంది, సీళ్లు ఎండి చమురు కారతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే అది ఒక్క కిలోమీటరు తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాలంటారు. ఫెరారీ 360 వంటి కార్లలో టైమింగ్ బెల్టు మార్చడానికి లెక్కపెట్టేది ఏళ్లనే. కిలోమీటర్లు చూసి వాయిదా వేసి, ఆ బెల్టు తెగితే వాల్వులూ పిస్టన్లూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 1416 అని ఉంటే 2016వ సంవత్సరం పద్నాలుగో వారంలో తయారైందని అర్థం. గాళ్లు నిండుగా, కొత్తగా కనిపించే అలాంటి టైర్లతో ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 వేగం అందుకోవడం ప్రాణాలతో చెలగాటమే. 2023లో ఔటర్ మీద వేగపరిమితి వంద నుంచి 120కి పెరిగింది. రబ్బరు వయసు మాత్రం వెనక్కి తిరగదు.

పోర్షేల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ నగరంలో పాత స్పోర్ట్స్ కారు అనగానే చాలామందికి మొదట మనసు పోయేది వాటి మీదికే. 1997 నుంచి 2008 వరకు వచ్చిన బాక్స్‌టర్, కేమన్, మామూలు 911 ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్టు వెనక చివర ఒక చిన్న బేరింగు ఉంటుంది. టర్బో, జీటీ3 రకాల ఇంజిన్లు వేరు కనుక వాటికి ఈ బెడద లేదు. ఆ బేరింగు విరిగితే మొత్తం ఇంజిన్ పోయినట్టే. 2001-05 మోడళ్ల మీద అమెరికాలో ఓనర్లు కోర్టుకెక్కితే 2013లో కంపెనీ రాజీ కుదుర్చుకుంది. 2009 నుంచి వచ్చిన కొత్త ఇంజిన్లలో ఆ షాఫ్టే లేదు. క్రమంగా తిరుగుతూ, తరచూ ఆయిల్ మార్చుకుంటూ వచ్చిన బండిలో ఈ ముప్పు తక్కువనీ, నెలల తరబడి పాత ఆయిల్‌తో నిలబడిన బండిలో ఎక్కువనీ ఈ ఇంజిన్లు విప్పే మెకానిక్కులు చెబుతారు. అదే కాలపు 911, కేమన్ ఎస్‌లలో సిలిండరు గోడలు గీసుకుపోయే జబ్బు మరొకటి. 911కి వెనక రెండు పక్కలా వేర్వేరు సైలెన్సర్ గొట్టాలుంటాయి. రెంటిలోనూ వేలు పెట్టి తుడిచి చూడాలి. ఒకదానికంటే రెండోదానిలో దట్టమైన మసి అంటితే, ఆ పక్క సిలిండర్లు ఆయిల్ తాగుతున్నాయేమోనని అనుమానించి, సన్నటి కెమెరాను స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి లోపలికి దింపించి చూడాలి. మనం వెళ్లేసరికే ఇంజిన్ వేడెక్కి ఉంటే ఆ రోజుకు బేరం వాయిదా వేసుకోవడం మేలు. చల్లటి ఇంజిన్ తొలిసారి అందుకున్నప్పుడు చేసే చప్పుడూ వదిలే పొగా దాచేద్దామనే కొందరు ముందే స్టార్ట్ చేసి ఉంచుతారు.

బీఎండబ్ల్యూ జెడ్4 తొలి తరంలో పైకప్పు మడిచే మోటారు ఎక్కడుంటుందో తెలుసుకుంటే సెల్లార్ బండి కథ ఇంకా బాగా అర్థమవుతుంది. గుడ్డ కప్పు మీద పడ్డ వాన నీరు వెనక మూలల్లోని సన్నటి గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆ దారి ఆకులూ మట్టితో మూసుకుపోతే నీరు చేరేది ఆ మోటారు దగ్గరికే. వాడే బండిలో కప్పు ఆగిపోగానే ఓనరు పట్టుకుంటాడు, గొట్టాలు శుభ్రం చేయిస్తాడు. నెలకోసారి కవరు తీసి దుమ్ము దులిపే బండిలో నీళ్లు నిలిచిన సంగతి అమ్మే రోజు దాకా ఎవరికీ తెలియదు. కప్పును ఒకసారి తెరిచి మూయించి తృప్తిపడకుండా మూడు నాలుగు సార్లు చేయించాలి. డిక్కీలో కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడాలి.

దీనికి తోడు మన పెట్రోలు. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే మామూలైంది. ఆ ఇంధనానికి తగ్గ రబ్బరు గొట్టాలూ సీళ్లూ 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో ఉంటాయి. ఈ వ్యాసంలో మాట్లాడుకుంటున్న కార్లు పది శాతం దాకా తట్టుకునేలా చేసినవి, కొన్ని అంతకూ చేయనివి. ఇథనాల్ తేమను లాగుతుంది కనుక నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంటే పంపుకూ ఇంజెక్టర్లకూ చేటు. బీఎండబ్ల్యూ 35ఐ రకాల్లో హై ప్రెషర్ పంపు బలహీనమైనదని పాత పేరు, అమెరికాలో 2010లో కంపెనీ వాటిని వెనక్కి పిలిచింది కూడా. వారానికోసారైనా ట్యాంకు కొంత ఖాళీ అయ్యి కొత్త పెట్రోలు పడే బండికి ఈ బాధ తక్కువ.

తక్కువ తిరిగితే అరుగుదల తక్కువే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు, సీటు తోలు తిరిగినకొద్దీ అరుగుతాయి. లాంబోర్గినీ గల్లార్డో ఈ-గేర్ క్లచ్ అయితే ఐకియా జంక్షన్, బయోడైవర్సిటీ జంక్షన్ వంటి చోట్ల సాయంత్రం ఆగుతూ కదులుతూ ఉంటేనే అరిగిపోతుంది. అది ఎంత అరిగిందో కంపెనీ స్కానర్ పెట్టి చదవవచ్చు, చదవకుండా కొనకూడదు. అయితే అరిగేవన్నీ కొలవగలిగినవి, మార్చగలిగినవి. ఫలానా భాగానికి ఇంత అని ముందే అంచనా వేసి ధర తగ్గించమని అడగవచ్చు. నిలబడి పాడైనవి కంటికి కనబడవు, బేరానికీ అందవు. పైగా ఆ పద్దెనిమిది వేలు నిజంగా పద్దెనిమిది వేలేనా? మీటరు రీడింగు వెనక్కి తిప్పడం ఈ వ్యాపారంలో కొత్త విద్యేమీ కాదు. తిప్పేవాళ్లు డాష్‌బోర్డు అంకె మారుస్తారు. ఏబీఎస్, గేర్‌బాక్స్ వంటి కంప్యూటర్లలో మిగిలిన అంకెలను అన్నిసార్లూ ముట్టుకోరు. ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో పోర్షే ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసి ఉంచుతుంది. మీటరు పాతిక వేలు చూపిస్తూ, ఇంజిన్ రెండున్నర వేల గంటలు నడిచిందంటే సగటు వేగం గంటకు 10 కిలోమీటర్లు. ఎంత మాదాపూర్ ట్రాఫిక్ అనుకున్నా నమ్మబుద్ధి కాని అంకె అది. 997 తరం 911లో అదే కంప్యూటర్, ఇంజిన్‌ను పరిమితి దాటించి ఎన్నిసార్లు తిప్పారో ఆరు స్థాయిలుగా, చివరిసారి ఏ గంట దగ్గర తిప్పారో సహా చెబుతుంది. మాన్యువల్ గేరు బండిలో పై స్థాయిల్లో అంకెలు కనిపిస్తే ఎవరో ఐదు నుంచి నాలుగుకు బదులు రెండుకు వేశారని అనుకోవచ్చు.

సెల్లార్ అన్న మాటను మరో కోణంలోనూ చూడాలి. 2020 అక్టోబరు వానలకు నగరంలో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు సెల్లార్లలో ఉన్న కార్లు నీటిపాలయ్యాయి. ఐటీ కారిడార్‌లో ఏటా వానాకాలం నీరు నిలిచే చోట్లు అక్కడ పనిచేసే ప్రతివారికీ తెలుసు. బీమా కంపెనీ పూర్తి నష్టం కింద వదిలేసిన కారు వేలంలో చేతులు మారి, సీట్లు కడిగించుకుని, రెండేళ్ల తర్వాత 'షోరూమ్ కండిషన్' అవుతుంది. సీటు బెల్టును చివరిదాకా లాగితే అడుగున మట్టి గీత కనిపించవచ్చు. సీటు కింద వైరు జాయింట్ల దగ్గర పచ్చటి చిలుము చూడాలి. బాక్స్‌టర్‌లో అలారం కంప్యూటర్ ఉండేదే సీటు కింద, నేలకు ఆనుకుని. లిఫ్టు మీదికెత్తి అడుగుభాగం చూస్తే మన స్పీడ్ బ్రేకర్లు చెప్పే కథ వేరే ఉంటుంది. పెయింటు మందం కొలిచే చిన్న మీటరు ఉన్న మెకానిక్‌ను తీసుకెళ్తే టింకరింగ్ చేసిన తలుపూ బానెట్టూ దొరికిపోతాయి. కంపెనీ రంగు సాధారణంగా వంద నుంచి నూట అరవై మైక్రాన్లు, దాని మీద మళ్లీ వేయిస్తే అంకె ఎగబాకుతుంది.

యంత్రం సంగతి ఇంత చెప్పినా, హైదరాబాద్‌లో పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్లను నిలువునా ముంచేవి ఎక్కువగా కాగితాలే అంటాను. ఇతర రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షన్ చెబుతుంది. అందుకు పాత రాష్ట్రం నుంచి ఎన్ఓసీ కావాలి, తెలంగాణ లైఫ్ టాక్స్ కట్టాలి. ఖరీదైన కొత్త కారుకు ఇక్కడ లైఫ్ టాక్స్ ధరలో దాదాపు ఐదో వంతు. పాతదానికి వయసును బట్టి తగ్గుతుంది, కానీ లెక్కలోకి రానంత చిన్నదేమీ కాదు. 2021 ఆగస్టులో రవాణా శాఖ హైదరాబాద్‌లో ప్రత్యేక తనిఖీలు చేసి, పన్ను కట్టకుండా బయటి నంబర్లతో తిరుగుతున్న ఖరీదైన కార్లను సీజ్ చేసింది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే 2022 ఏప్రిల్ నుంచి మామూలు కారుకు 5,000, దిగుమతి కారుకు 40,000 రూపాయలు. ఇరవై ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000, 80,000. ఆపైన రాష్ట్రం వేసే గ్రీన్ టాక్సు వేరు. అమ్మేవాళ్లు ఈ ఊసెత్తరు. ఆర్సీ మీద గడువు తేదీ చూసే తీరిక కొనేవాళ్లకూ ఉండదు.

దిగుమతి కార్లది ఇంకో లోకం. వాడిన కారును విదేశాల నుంచి తెచ్చుకోవాలంటే అది తయారై మూడేళ్లు మించి ఉండకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. కాబట్టి 2006లో తయారైన జపాన్ స్పోర్ట్స్ కారు 2018లో దేశంలోకి వచ్చిందని ఎవరైనా చెబితే, ఎలా వచ్చిందో చూపించే బాధ్యత వాళ్లదే. 2025 మేలో డైరెక్టరేట్ ఆఫ్ రెవెన్యూ ఇంటెలిజెన్స్ (డీఆర్ఐ) అధికారులు హైదరాబాద్‌కు చెందిన ఒక లగ్జరీ కార్ల డీలరును కస్టమ్స్ సుంకం ఎగవేత ఆరోపణ మీద అరెస్టు చేశారు. అమెరికా, జపాన్‌లలో కొన్న కార్లను దుబాయ్, శ్రీలంకల మీదుగా తెప్పించి, దారిలో స్టీరింగు మార్పించి, ధర తగ్గించి చూపారన్నది ఆరోపణ. అదే ఏడాది సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ శాఖ 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' పేరుతో భూటాన్ మీదుగా వచ్చాయంటున్న కార్ల కోసం సోదాలు చేసింది. ఇలాంటి కేసుల్లో బండి స్వాధీనమైతే డబ్బు పెట్టి కొన్న చివరి మనిషి దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. అందుకే దిగుమతి కారైతే మొదట అడగాల్సింది బిల్ ఆఫ్ ఎంట్రీ. దాని మీది ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

మధ్యవర్తుల విషయానికొస్తే 2024 ఏప్రిల్ నాటి ఉదంతం ఇంకా చాలామందికి గుర్తుండే ఉంటుంది. పహాడీషరీఫ్ పోలీసుల పరిధిలో, మామిడిపల్లి దగ్గర, 2009 మోడల్ లాంబోర్గినీని తగలబెట్టారు. కారు అమ్మిపెట్టే క్రమంలో తలెత్తిన డబ్బు తగాదాయే కారణమని పోలీసులు చెప్పారు. అంత విలువైన బండి కూడా మన దగ్గర నోటిమాట మీద, తెలిసినవాళ్ల తెలిసినవాళ్ల ద్వారా చేతులు మారుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నిజానికి పాత కార్ల డీలర్లు ఆర్టీఏ నుంచి అధికార పత్రం తీసుకోవాలనీ, బండి తమ దగ్గర పెట్టుకున్న సంగతి పోర్టల్‌లో తెలపాలనీ, అప్పటి నుంచి దాని బాధ్యత తమదేననీ కేంద్రం 2022 డిసెంబరులో నిబంధనలు తెచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి అవి అమల్లో ఉన్నాయి. డీలరును ఆ పత్రం చూపించమని అడగడం మర్యాద తప్పడం కాదు.

ఇన్ని అడిగితే ఏ పాత కారుకు దొరుకుతాయి, పదిహేనేళ్ల సర్వీసు బిల్లులు ఎవరు దాస్తారు అని ఒక అభ్యంతరం వినిపిస్తుంది. బలమైన అభ్యంతరమే. మూడో ఓనరు దగ్గరికి చేరేసరికి ఫైలు ఎక్కడో పోతుంది. అయినా ఓనరు దగ్గర లేనిది వేరే చోట్ల ఉంటుంది. కంపెనీ సర్వీసు సెంటర్ కంప్యూటర్లో ఛాసిస్ నంబరు మీద పాత ఎంట్రీలుంటాయి, ఓనరు ఫోన్ చేసి అడిగితే ఇస్తారు. బీమా కంపెనీ దగ్గర క్లెయిముల వివరాలుంటాయి. ప్రతి పొల్యూషన్ సర్టిఫికెట్టుకూ ఓ తేదీ, ప్రతి ఈ-చలానాకూ ఓ తేదీ, ఓ జంక్షన్ పేరు ఉంటాయి. బండి మీద చలానాలు కనిపిస్తే బేరంలో మొహం చిట్లిస్తారు గానీ, ఏటా రెండు మూడు చలానాలున్న బండి ఏటా రోడ్డెక్కిందనే రుజువు కూడా వాటిలో ఉంది (కట్టించుకుని తీసుకోవాలి, అది వేరే సంగతి). వీటిని వరసగా పేర్చితే మధ్యలో మూడేళ్ల ఖాళీ ఎక్కడుందో తేలుతుంది. ఆ ఖాళీకి కారణం చెప్పగలిగిన ఓనరు ఉంటే మాట్లాడవచ్చు. చెప్పలేకపోతే, ఇంజిన్ ఒకసారి విప్పించడానికయ్యే ఖర్చును ధరలోంచి తగ్గించి అడగాలి.

అంతసేపు కూర్చుంటే మంచి బండి వేరేవాడు ఎగరేసుకుపోతాడన్న భయం ఇంకొకటి. పోనివ్వండి. ఇలాంటి కార్లకు ఈ నగరంలో కొనేవాళ్లు తక్కువ, అమ్మేవాళ్లు తొందరపెట్టడం ఎక్కువ. "సాయంత్రం ఇంకో పార్టీ వస్తున్నారు" అన్న మాట ఎంతకాలంగానో వింటున్నదే. స్కానరు, లిఫ్టు, కెమెరా, తెలిసిన మెకానిక్ ఒక పూట, అన్నీ కలిపినా ఆ కారుకు రెండు కొత్త టైర్ల ఖరీదు కాదు. ఆ ఖర్చు పెట్టనివ్వని ఓనరు ఎందుకు పెట్టనివ్వడం లేదో ఆలోచించుకోవచ్చు.

నా లెక్క ప్రకారం చూస్తే డెబ్భై వేలు తిరిగి, ఏటా ఆయిల్ మార్చిన బిల్లులుండి, టైర్లు మూడేళ్లవై, తెలంగాణ నంబరుతో, రిజిస్ట్రేషన్ పొడిగించుకుని ఉన్న బాక్స్‌టర్‌కు, ఏ కాగితమూ లేని పద్దెనిమిది వేల కిలోమీటర్ల బాక్స్‌టర్ కంటే నాలుగు లక్షలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. మార్కెట్ ఇప్పుడు దీనికి తలకిందులుగా ధర కడుతోంది కనుక, తెలిసి కొనేవాడికి అది లాభమే. బేరం కుదిరాక కూడా ఒక్క పనిలో జాప్యం కూడదు. ఆర్టీఏ రికార్డులో పేరు ఎవరిదుంటే ప్రమాదానికి బాధ్యత వాళ్లదేనని నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి తెలివైన ఓనరు మిమ్మల్ని తొందరపెడతాడు. మీరూ తొందరపడాలి. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా బండితోపాటే మీకు వస్తుంది. మీ బండికి జరిగే నష్టానికి మాత్రం పాలసీని పద్నాలుగు రోజుల్లోగా మీ పేరుకు మార్పించుకోవాలి. అది మారేదాకా బండిని ఔటర్ ఎక్కించకపోవడమే మంచిది.